ముందు రెండింటిని పెంచి చూడు

తార్నాక, హైదరాబాద్

అమ్మాయ్,

హుస్సేన్ సాగర్ నీళ్లలోంచి తీసిన 20 బ్యాక్టీరియాలు కలిసి ఎలా పెరుగుతాయో చెప్పడానికి అన్నిటికీ ఒకే గణిత మోడల్ రాస్తున్నానన్నావు. లెక్క వేసి చూడు. లోట్కా-వోల్టెరా పద్ధతిలో, అంటే ఒక్కో జీవి పెరుగుదలను మిగతావి ఎంత పెంచుతాయో తగ్గిస్తాయో ఒక్కో అంకెతో రాసే పద్ధతిలో, వాటి పరస్పర ప్రభావాలకే (తన మీద తన ప్రభావంతో కలిపి) 400 అంకెలు కావాలి, పెరుగుదల రేట్లకు మరో 20. నీ దగ్గరున్న కాస్త డేటాకు రకరకాల అంకెలతో గీత చక్కగా అతుకుతుంది. అతికిందని మురిసిపోకు.

పైగా సీక్వెన్సింగ్ (డీఎన్ఏ చదివి ఏ బ్యాక్టీరియా ఎంతుందో చూడటం) ఇచ్చేది శాతాలు. ఒకటి బాగా పెరిగితే, మిగతావి తగ్గకపోయినా శాతంలో తగ్గినట్టే కనబడతాయి. దాన్నే పోటీ అనుకుని మైనస్ గుర్తు పెట్టేస్తారు చాలామంది. మొత్తం కణాల లెక్క విడిగా తీసుకో.

ఇక సహకారం సంగతి. ఈస్ట్ పంచదారను ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్‌తో కణం బయటి అంచునే విడగొడుతుంది. 2009లో జెఫ్ గోర్ బృందం చూపించిందేమిటంటే, అలా వచ్చిన గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లలో సుమారు 99 శాతం చుట్టుపక్కల వాటికే పోతుంది. ఎంజైమ్ చేయని ఈస్ట్ పైసా ఖర్చు లేకుండా తింటుంది. అయినా కష్టపడేవి పూర్తిగా పోవు, చేతిలో మిగిలే ఆ ఒక్క శాతమే వాటిని నిలబెడుతుంది. మీడియంలో (అవి పెరిగే పోషక ద్రవంలో) ముందే గ్లూకోజ్ కలిపావో, వాటి వాటా తగ్గుతుంది. అంటే నువ్వు స్థిరాంకం అనుకుని పట్టికలో రాసుకున్న అంకె ఆ జంటది మాత్రమే కాదు, ఫ్లాస్క్‌లో ఏముందో దానిది కూడా.

ఇడ్లీ పిండిలోనూ ఇంతే. మొదట ల్యుకోనోస్టాక్ అనే బ్యాక్టీరియా పెరిగి పిండిని పొంగిస్తుంది, ఆమ్లం వదులుతుంది. పులుపు ఎక్కువయ్యేకొద్దీ దానికే ఇబ్బంది, పులుపు తట్టుకునేవి ముందుకొస్తాయి. (మన ఎండాకాలంలో ఇదంతా ఎంత తొందరగా జరిగిపోతుందో మీ అమ్మనడుగు.) ఆమ్లానికి సొంత ఈక్వేషన్ ఇవ్వకపోతే ఇది నీ మోడల్‌లోకి రాదు. అందుకే తిండికీ, వదిలిన పదార్థాలకూ విడిగా ఈక్వేషన్లు రాయమంటాను. కష్టమే, కానీ ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలుగుతావు.

గైడ్ గారు పెద్ద మోడలే కావాలంటారేమోనని టెన్షన్ పడకు. ముందు ఓ జంటను ఎంచుకో. ఒకటి పెరిగిన మీడియంను ఫిల్టర్ చేసి, అందులో రెండోదాన్ని పెంచు. తర్వాత అటూ ఇటూ మార్చి చెయ్యి. తాజా మీడియంలో కంటే బాగా పెరిగితే మొదటిది పనికొచ్చేదేదో వదిలిందన్నమాట. తక్కువ పెరిగితే తిండి అయిపోయిందా, విషం చేరిందా అన్నది తేలాలి. మళ్లీ తిండి కలిపి చూస్తే చాలావరకు తెలుస్తుంది. మూడో బ్యాక్టీరియాను అప్పుడు చేర్చు, ఫలితాన్ని మాత్రం ఫ్లాస్క్ చూడకముందే మోడల్‌తో చెప్పించు.

ఆశీస్సులతో,
పెదనాన్న