యా చెట్టుకు నీళ్లాపాల?

అనంతపురం

అమ్మా,

నీ ఉత్తరమూ, దాంతోపాటు పంపిన వ్యాసమూ అందాయి. ‘నా చేను కింది నీళ్లు నా ఒక్కడివే కావు’ అని మన జిల్లాలో రాయడానికి గుండె కావాలి. బోరు కోసం పుస్తెలు తాకట్టు పెట్టిన ఇళ్లున్న ఊళ్లివి. ఆ మాటలో ఒక్క అక్షరం కూడా తగ్గించొద్దు. నా పేచీ అంతా నీ మొదటి పేరాతోనే. అందులో రైతును ‘దురాశాపరుడు’ అన్నావు.

నేనూ అదే చేశాను. ఇరవయ్యారేళ్ల వయసులో బోర్ల మీద వ్యాసం రాస్తూ, పేరు పెట్టకుండా మా చిన్నాయన కథే చెప్పాను. మూడు బోర్లు వేసి మూడూ ఎండగొట్టుకున్న ఆశపోతు అన్నాను. అచ్చయ్యాక గర్వంగా ఊరికి పోయాను. ఆయన తిట్టలేదు. చీనీ (బత్తాయి) తోటలోకి పిలుచుకుపోయి నిలబెట్టాడు. ఏప్రిల్ ఎండ. ఆకులు దోనెల్లా ముడుచుకున్నాయి, గోళీలంత పిందెలు పాదుల నిండా రాలి ఉన్నాయి. “యా చెట్టుకు నీళ్లాపాలో నువ్వే చూపీ రా” అన్నాడు.

నా వేలు లేవలేదు.

శెనక్కాయ ఒక కారు పోతే మళ్లీ విత్తుకోవచ్చు. చీనీ చెట్టును కాపుకు వచ్చేదాకా నాలుగైదేళ్లు సాకాలి. సాకిన చెట్టు కళ్లముందు ఎండుతుంటే మనిషి రిగ్గు బండిని పిలుస్తాడు. అరచేతిలో కొబ్బరికాయ నిలబడిన చోట సున్నంతో గుర్తు పెడతాడు. రాత్రంతా బయటికి ఎగజిమ్మే తెల్లపొడిని పిడికిట్లోకి తీసుకుని, తడి తగులుతుందేమోనని నలిపి చూస్తాడు. ‘ఇంకొక్క రాడ్డు దింపు’ అంటాడు. ఆ ఒక్క రాడ్డు నీ వ్యాసంలో లేదమ్మా. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, బోర్లకు హద్దులు పెట్టిన 2002 నాటి వాల్టా చట్టం, అన్నీ ఉన్నాయి. అన్నీ నిజమే. వినాల్సినవాడు మొదటి పేరా దగ్గరే లేచిపోయాక వాటిని ఎవరికి చెబుతావు?

నాకు మళ్లీ రాయడానికి రెండేళ్లు పట్టింది. ఈసారి సగం వ్యాసం చిన్నాయన వాదనే, ఆయన చెప్పుకోగలిగినదానికంటే గట్టిగా. చదివి వినిపిస్తే ‘ఊ’ కొట్టాడు. అప్పుడు అడిగాను. మన నేల కింద ఉండేది గట్టిరాయి, నీళ్లు దాని పగుళ్లలో ఉంటాయి, ఆ పగుళ్లకు మన గట్లు తెలుస్తాయా? నువ్వు లోతుకు పోతే పక్క బోరు ఎండుతుంది, వాడు పోతే నీది. ఉన్న బోరుతోనే రెండు తోటలనూ ఎండాకాలం దాటిస్తే? నీకు రెండు రోజులు, వాడికి రెండు రోజులు?

ఒప్పుకోలేదు. “వాడు మాట మీద నిలబడడు” అన్నాడు. ఆ జవాబుకు నేను ఎంత సంతోషించానో! నీళ్లు ఎవరివన్న పోట్లాట పోయి, పక్కవాణ్ణి నమ్మేదెట్లా అన్న ప్రశ్న వచ్చింది. దాని మీద మేమిద్దరం పొద్దుగూకేదాకా మాట్లాడుకున్నాం. నువ్వు రాయాల్సింది అక్కడ ఉంది.

కదిరి పక్క కటారుపల్లిలో వేమన సమాధి చూసే ఉంటావు. కులాన్నీ విగ్రహాలనూ అంత కటువుగా అన్న మనిషి పద్యాలు, కడపలో పనిచేసిన బ్రౌను దొర 1829లో అచ్చేసేదాకా, జనం నోటా తాటాకుల మీదా బతికాయి. పద్యం కొసన ఆయన పేరు పెట్టి పిలిచి వినమనేది తననే. దెబ్బలో తనకూ వాటా ఉంచుకున్నాడు గనకే జనం కూర్చుని విన్నారని నా నమ్మకం.

నీ వ్యాసం నిండా ‘వాళ్లు’, ‘వాళ్లు’. నీ కాలేజీ ఫీజు బోరు నీళ్లతో పండిన చీనీకాయలు అమ్మే కట్టారని ఉత్తరంలో రాశావు. వ్యాసంలో ఎందుకు దాచావు? అక్కడి నుంచే మొదలుపెట్టు.

తిరగరాశాక నాకంటే ముందు మీ నాయనకు చదివి వినిపించు. ఆయన ఎక్కడ ఆపాడో, ఏమన్నాడో ఆయన మాటల్లోనే కాగితం అంచున రాసి, దాన్నే పంపు. సాపు చేయొద్దు.

ఆశీస్సులతో,
మీ మామ