పీహెచ్‌డీకి ముందు కొన్నాళ్లు ల్యాబ్‌లో ఉండనివ్వండి

ప్రశ్న: మా అమ్మాయి మైక్రోబయాలజీతో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. కొవిడ్ టీకాల గురించి చదివినప్పటి నుంచి ఇమ్యునాలజీ (రోగనిరోధక శాస్త్రం), అంటువ్యాధుల మీద పరిశోధన చేస్తానంటోంది. మెడిసిన్ చదవకుండా ఈ రంగంలో ముందుకెళ్లొచ్చా? స్థిరపడటానికి ఎన్నేళ్లు పడుతుంది? ఇప్పుడు తనేం చేయాలి?
- ఒక తండ్రి

జవాబు: నిస్సందేహంగా వెళ్లొచ్చు. పీటర్ డోహర్టీ చదివింది పశువైద్యం. ఆయనా, స్విట్జర్లాండ్‌లో మెడిసిన్ చదివొచ్చిన రోల్ఫ్ జింకర్‌నాగెల్ కలిసి 1970ల్లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఎలుకల మీద పనిచేసి, వైరస్ సోకిన కణాన్ని టీ కణం (రోగనిరోధక వ్యవస్థలోని ఒక రకం తెల్ల రక్తకణం) ఎలా పోల్చుకుంటుందో తేల్చారు. 1996లో ఇద్దరికీ కలిపి నోబెల్ వచ్చింది. మీ అమ్మాయిని ఆకట్టుకున్న కొవిడ్ టీకాల్లో ఎంఆర్‌ఎన్‌ఏ (కణానికి ప్రొటీన్ తయారీ సూచనను చేరవేసే ఆర్‌ఎన్‌ఏ) రకానికి దారి వేసిన కాటలిన్ కరికో బయోకెమిస్ట్. రోగులకు చికిత్స చేయాలన్నా, క్లినికల్ ట్రయల్‌లో వైద్యపరమైన బాధ్యత తీసుకోవాలన్నా మెడిసిన్ తప్పదు. ఒక క్రిమి ఒంట్లోకి వచ్చాక రోగనిరోధక వ్యవస్థ ఏం చేస్తుందో ల్యాబ్‌లో తెలుసుకోవడానికి ఆ పట్టా అక్కర్లేదు.

అయితే మీరు అడగని సంగతి ఒకటుంది. అసలు ఆలోచించాల్సింది దాని గురించే. కొవిడ్ టీకాలు ఏడాది తిరక్కుండానే వచ్చాయని అందరికీ గుర్తుంది. కానీ వాటి వెనకున్న పని చాలా పాతది. బయటి నుంచి ఎక్కించిన ఆర్‌ఎన్‌ఏ మీద శరీరం విరుచుకుపడకుండా ఉండాలంటే దానిలోని యూరిడిన్ అనే భాగాన్ని కొద్దిగా మార్చాలని కరికో, డ్రూ వైస్‌మన్ ప్రచురించింది 2005లో. అప్పట్లో దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. అంతకు పదేళ్ల ముందే గ్రాంట్లు రాక యూనివర్సిటీలో కరికో హోదా తగ్గించారు కూడా. మలేరియా సంగతి చూడండి. ఆర్‌టీఎస్,ఎస్ టీకా మీద పని 1980ల్లో మొదలైతే, పిల్లలకు విస్తృతంగా వేయొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది 2021లో. క్షయకైతే 1921లో తొలిసారి వేసిన బీసీజీనే ఇప్పటికీ దిక్కు. 2023లో ఆ జబ్బు బారిన పడ్డవాళ్లు సుమారు కోటీ 8 లక్షల మంది. చేయాల్సిన పనికి కొదవ లేదన్నమాట. ఆ పని నడిచే వేగం మాత్రం వార్తల్లో కనిపించే వేగం కాదు. ఇది తెలియక వచ్చిన పిల్లలే రెండో ఏడాదికల్లా డీలా పడిపోతారు.

అందుకే ల్యాబ్‌లో ఒక రోజు ఎలా గడుస్తుందో చెబుతాను, మీ అమ్మాయికి చదివి వినిపించండి. ఇన్‌ఫెక్షన్ సోకిన ఎలుక ప్లీహంలో (స్ప్లీన్‌లో) ఫలానా టీ కణాలు పెరిగాయా లేదా చూడాలనుకోండి. పొద్దున్నే ప్లీహం బయటికి తీసి, సన్నటి మెష్ మీద పెట్టి, సిరంజి ప్లంజర్‌తో మెత్తగా నలిపి కణాలను విడదీయాలి. ఎర్ర రక్తకణాలను పగలగొట్టే బఫర్ ద్రావణం కొద్ది నిమిషాలే ఉంచాలి. ఏమరుపాటుగా ఉంటే కావాల్సిన కణాలు కూడా పోతాయి. అక్కణ్నుంచి ట్యూబులన్నీ ఐస్ మీదే. ఒక్కో రకం కణాన్ని పట్టుకోవడానికి ఒక్కో రంగు తగిలించిన యాంటీబాడీ కలపాలి. ఏ రంగూ వేయని ట్యూబు ఒకటి, ఒక్కో రంగే వేసినవి కొన్ని, ఒక్క రంగు మాత్రం మినహాయించి మిగతావన్నీ వేసినవి ఇంకొన్ని. ఫలితాన్ని పోల్చి చూసుకోవడానికి పెట్టే వీటినే కంట్రోళ్లు అంటారు. ఒక్కోసారి అసలు శాంపిళ్లకంటే ఇవే ఎక్కువుంటాయి. ఆ రంగులను బట్టి కణాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టే యంత్రం ఫ్లో సైటోమీటర్. సాయంత్రానికి దాని మీద స్లాట్ దొరికితే అదృష్టం. చచ్చిన కణాలను వేరుచేసి చూపే రంగు వేయడం మర్చిపోయారా, యాంటీబాడీలు వాటికి ఊరికే అతుక్కుని లేని ఫలితాన్ని ఉన్నట్టు చూపిస్తాయి. స్క్రీన్ మీద చుక్కల గుంపు చూసి రాత్రి సంబరపడినవాళ్లు, పొద్దున కంట్రోళ్లతో పోల్చుకుని అదంతా తీసి పక్కన పడేస్తారు.

మళ్లీ మొదటి నుంచి చేయాలి. విసుక్కున్నా సరే, ఎక్కడ తప్పిందో తేల్చుకోకుండా ఇంటికి వెళ్లబుద్ధి కాని మనిషికి ఈ రంగం నప్పుతుంది. మీ అమ్మాయి అలాంటిదో కాదో మార్కుల లిస్టులో కనపడదు, నాకూ మీకూ తెలియదు, బహుశా తనకీ ఇంకా తెలిసుండదు. కొన్నాళ్లు ల్యాబ్‌లో ఉంటే తెలుస్తుంది. ఎలుకలను చంపడం తన వల్ల కాదని అక్కడే తేలినా కొంపేం మునగదు. మనుషుల రక్తనమూనాల మీద, కల్చర్‌లో పెంచే కణాల మీద, పూర్తిగా కంప్యూటర్ మీద పనిచేసే ఇమ్యునాలజిస్టులు బోలెడుమంది.

ఇక ఏళ్ల లెక్క. మాస్టర్స్ రెండేళ్లు. పీహెచ్‌డీ దేశాన్ని బట్టి, ల్యాబ్‌ని బట్టి నాలుగు నుంచి ఆరేళ్లు. తర్వాత పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక మరొకరి ల్యాబ్‌లో చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) ఒకటో రెండో, ఒక్కోటి రెండు మూడేళ్లు, అవీ కాంట్రాక్టు మీద. సొంత ల్యాబ్ చేతికొచ్చేసరికి సాధారణంగా ముప్పై అయిదు అటూ ఇటూ అవుతుంది. తోటివాళ్లు ఉద్యోగాల్లో కుదురుకుని పదేళ్లయ్యాక అన్నమాట. పీహెచ్‌డీలో వచ్చేది స్టైపెండ్, బతకడానికి సరిపోతుంది, అంతే. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా: జీవశాస్త్రంలో మంచి పీహెచ్‌డీలకు ఫండింగ్ ఉంటుంది. అప్పు చేసి ఫీజు కట్టి చేరమనే పీహెచ్‌డీ ఎదురైతే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

పీహెచ్‌డీ చేసినవాళ్లలో ఎక్కువమంది ప్రొఫెసర్లు కారు. తల్లిదండ్రులకు ఇది ఓటమిలా అనిపిస్తుంది, నాకైతే అనిపించదు. 2025లో వైద్య నోబెల్ అందుకున్న ముగ్గురిలో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ఆ పని చేసింది ఒక బయోటెక్ కంపెనీలో. స్కర్ఫీ అనే ఎలుకల జాతిలో మగపిల్లలు పుట్టిన కొద్ది వారాలకే ఎందుకు చనిపోతున్నాయో వెతికి, ఫాక్స్‌పీ3 అనే జన్యువును 2001లో బయటపెట్టారు. రోగనిరోధక వ్యవస్థను అదుపులో పెట్టే టీ కణాలు ఉన్నాయని ముందే, 1995లో, చూపించిన షిమోన్ సకాగుచి మూడో విజేత. మందుల కంపెనీలు, టీకాల నాణ్యత పరీక్షలు, డయాగ్నస్టిక్ కిట్ల తయారీ, క్లినికల్ ట్రయల్ నమూనాల విశ్లేషణ, అనుమతులిచ్చే నియంత్రణ సంస్థలు, ప్రజారోగ్యం... ఈ చదువు అక్కరకొచ్చే చోట్లు చాలానే. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. అంటువ్యాధుల పరిశోధనకు డబ్బు మహమ్మారి వచ్చినప్పుడు వరదలా వస్తుంది, జనం మర్చిపోగానే ఎండిపోతుంది. అందుకని ఒక్క వైరస్ పేరు మీదే కెరీర్ మొత్తం కట్టుకోకుండా, ఏ జబ్బుకైనా పనికొచ్చే విద్య చేతిలో ఉంచుకోవడం మంచిది.

ఆ విద్యల్లో నేను ముందు పెట్టేది స్టాటిస్టిక్స్, దాంతోపాటు ఆర్ లేదా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష. ఒక్కో కణంలో ఏయే జన్యువులు పనిచేస్తున్నాయో విడివిడిగా చదివే పద్ధతులు వచ్చాక ఒక్క ప్రయోగంలోనే వేల కణాల డేటా వచ్చిపడుతోంది. దాన్ని తనే విప్పి చూసుకోగలిగితే వేరేవాళ్ల కోసం నెలల తరబడి ఎదురుచూడక్కర్లేదు. పిపెట్ పట్టడం ఏ ల్యాబ్‌లోనైనా నేర్పుతారు, ఇది మాత్రం ఇంట్లో కూర్చుని ఇప్పుడే మొదలుపెట్టొచ్చు.

ఏ క్రిమి మీద పనిచేస్తుందన్నది కూడా చిన్న విషయం కాదు. ఈ.కోలి అనే బాక్టీరియా అనుకూలమైన చోట ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. క్షయ బాక్టీరియాకు దాదాపు ఒక రోజు పడుతుంది, ప్లేటు మీద కాలనీలు కనపడాలంటే మూడు నాలుగు వారాలు ఆగాలి. పైగా బీఎస్ఎల్-3 ల్యాబ్‌లో (ప్రమాదకరమైన క్రిములకోసం కట్టుదిట్టంగా కట్టినది), రెస్పిరేటర్ పెట్టుకుని, శిక్షణ పూర్తయ్యాకే లోపలికి రానిస్తారు. ఆ వారాల తర్వాత ప్లేటు మీద బూజు కనిపిస్తే మళ్లీ అన్ని వారాలూ పోయినట్టే. క్షయ మీద పనిచేయొద్దని కాదు, పనిచేసేవాళ్లు కావాలి కూడా. లెక్క తెలిసి దిగమంటున్నా.

సంస్థ పేరుకంటే గైడ్ ఎవరన్నదే ఎక్కువ ముఖ్యం. పెద్ద పేరున్న చోట పట్టించుకోని గైడ్ దగ్గర ఆరేళ్లు నలిగినవాళ్లున్నారు, చిన్నచోట మంచి గైడ్ దొరికి పైకొచ్చినవాళ్లూ ఉన్నారు. చేరేముందు ఆ ల్యాబ్‌లో చదివి బయటికెళ్లినవాళ్లతో మాట్లాడాలి, ఇప్పుడున్నవాళ్లు మొహమాటపడతారు. పీహెచ్‌డీకి ఎన్నేళ్లు పట్టింది, ఇప్పుడెక్కడున్నారు, పేపర్ మీద మొదటి పేరు ఎవరిది వేస్తారు, ప్రయోగం చెడిపోయిన రోజు ఆయన ఎలా మాట్లాడతారు. ఈ నాలుగూ అడిగితే చాలావరకు తెలిసిపోతుంది.

ఇక ఇప్పుడేం చేయాలంటారా? డిగ్రీ అయ్యాక వచ్చే ఖాళీలోనో, మాస్టర్స్ ప్రాజెక్టుగానో ఇమ్యునాలజీ ల్యాబ్‌లో కనీసం ఆరు నెలలు ఉండేలా చూసుకోమనండి. అందుకు ఇప్పటి నుంచే మెయిళ్లు పెట్టాలి. ఒకే మెయిల్‌ను యాభైమందికి పంపితే చదివేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. నాలుగైదు ల్యాబులు ఎంచుకుని, ఒక్కో ల్యాబ్ ఇటీవలి పేపర్ ఒకటి నిజంగా చదివి, అందులో తనకు అర్థంకాని ఒక విషయాన్ని నేరుగా అడగమనండి. పొగడ్తలు వద్దు. తనకేం వచ్చు, ఎప్పట్నుంచి ఎప్పటిదాకా రాగలదు, ఈ రెండూ రాస్తే చాలు. మెయిల్ తనే రాయాలి, మీరు రాసిపెట్టొద్దు. రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేయడంలో తప్పు లేదు, అప్పటికీ రాకపోతే తర్వాతి ల్యాబ్‌కు రాయాలి.