బేలహియా గేటు దాటే ముందు: కారులో నేపాల్ వెళ్తున్న తమ్ముడి కొడుక్కి

చిరంజీవి శ్రీకాంత్‌కు పెదనాన్న ఆశీస్సులు.

కార్తీక మాసంలో అమ్మానాన్నలను కారులోనే నేపాల్ తీసుకెళ్తున్నావని విని నేనూ మీ పెద్దమ్మా చాలా సంతోషించాం. ఖమ్మం నుంచి మేము మూడుసార్లు ఆ దారిన వెళ్లివచ్చాం. నాగ్‌పూర్, జబల్‌పూర్, రీవా, వారణాసి, గోరఖ్‌పూర్ మీదుగా మన వైపు సరిహద్దు ఊరు సునౌలీ. దారి సంగతి నీ ఫోనే చెబుతుంది. మీ నాన్న అన్న ఒక మాట వల్లే ఈ ఉత్తరం రాస్తున్నాను. "బంపర్ టు బంపర్ ఇన్సూరెన్స్ ఉంది అన్నయ్యా, బండి గురించి దిగులు లేదు" అన్నాడు. సునౌలీ వరకు ఆ మాట నిజమే. గేటు దాటి నేపాల్ వైపున్న బేలహియాలో చక్రం పెట్టాక ఆ పాలసీ నీకు అండగా ఉండదు.

నమ్మకం కుదరకపోతే పాలసీ తీసి చూడు. బండి నంబరు, ఇంజిన్ నంబరు ఉన్న పట్టికలోనే "జాగ్రఫికల్ ఏరియా" అని ఉంటుంది. దాని ఎదురుగా "ఇండియా" అని ఒక్కటే మాట. 2011లో మొదటిసారి వెళ్లినప్పుడు ఆ మాట నేను చదవలేదు. పోఖరా నుంచి కాఠ్మాండూ వెళ్తుంటే ముగ్లింగ్ దగ్గర ఒక మలుపులో ఎదురుగా వచ్చిన లారీ నా కుడివైపు తలుపులు రెండూ గీరుకుంటూ పోయింది. అద్దం ఊడి రోడ్డు మీద పడింది. మనుషులకు ఏమీ కాలేదు, అదే పదివేలు అనుకున్నాం. ఇంటికి వచ్చి క్లెయిమ్ పెడితే, కంపెనీ తరఫున నష్టం లెక్కగట్టే సర్వేయర్ గ్యారేజీకి వచ్చాడు. తలుపులు చూడకముందే "ఎక్కడ జరిగింది సార్?" అని అడిగాడు. చెప్పాను. ఏమీ మాట్లాడకుండా పాలసీ తిప్పి, ఆ "ఇండియా" కింద పెన్నుతో గీత గీసి నాకు చూపించాడు. 38 వేలు నా జేబులోంచే పోయాయి. అతని తప్పు లేదు. చదవకుండా బయలుదేరింది నేను.

దీనికి మందు సులువైనదే. మన మోటారు పాలసీల్లో ఐఎంటీ-1 అనే ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి జోడించే అదనపు కాగితం, ఉంది. అదనంగా కొంత ప్రీమియం కడితే నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, పాకిస్థాన్, శ్రీలంక, మాల్దీవుల్లో నువ్వు కోరిన దేశానికి పాలసీని పొడిగిస్తారు. 2017లో నేను కట్టింది 500 రూపాయలు, ఆపైన పన్ను. ఇంత చిన్న మొత్తం కాబట్టే ఏజెంట్లు దీని గురించి పట్టించుకోరు. ఫోన్ చేస్తే "అక్కర్లేదు సార్, అందరూ వెళ్తున్నారు" అంటారు. ఆ మాట వినకు. పాలసీ ఆన్‌లైన్‌లో తీసుకున్నావు కాబట్టి ఈ కాగితం కోసం ఈమెయిల్ పెట్టి ఊరుకోవద్దు, బ్రాంచికి స్వయంగా వెళ్లు. కనీసం పది రోజుల ముందు వెళ్లు. అందులో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నది రాస్తారు. తిరిగొచ్చే తేదీకి వారం కలిపి రాయించు. కొండచరియ పడి దారి మూసుకుపోతే అక్కడ రెండు మూడు రోజులు ఇరుక్కుపోవడం కొత్త కాదు. నీ పాలసీ గడువు కూడా ఆ తేదీల మధ్యలో ముగియకుండా చూసుకో.

బ్రాంచిలో ఉన్నప్పుడే ఇంకో సంగతి అడుగు. జీరో డిప్రిసియేషన్ (విడిభాగాల పాతదనం కింద డబ్బు తగ్గించకుండా ఇచ్చేది), ఇంజిన్ రక్షణ, రోడ్డు పక్క సహాయం వంటి వాటికి విడిగా డబ్బు కట్టావు కదా, అవి కూడా నేపాల్‌లో వర్తిస్తాయా అని అడిగి, జవాబు కాగితం మీద తీసుకో. నోటిమాట చెల్లదు. క్యాష్‌లెస్ మాత్రం మరిచిపో. అక్కడ బాగు చేయించి నువ్వే డబ్బు కట్టి, బిల్లులతో ఇక్కడికి వచ్చి తిరిగి రాబట్టుకోవాలి. కంపెనీ 1800 నంబరు సరిహద్దు అవతల నుంచి సాధారణంగా కలవదు, అందుకే బ్రాంచి ల్యాండ్‌లైన్ నంబరు కూడా రాసుకో.

ఇదంతా మన వైపు కాగితం. ఇది చేతిలో ఉన్నా, అవతల నేపాల్ థర్డ్ పార్టీ బీమా, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి ఇచ్చేది, కూడా తీసుకో. అక్కడి వాహన చట్టం ప్రకారం థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. ఒకే బండికి రెండు బీమాలు ఎందుకని నీకు అనిపించవచ్చు, నాకూ అనిపించింది. 2017లో బుట్వల్ బజారులో మా బండిని వెనక నుంచి వచ్చిన మోటారు సైకిల్ గుద్దింది. ఆ కుర్రాడి మోకాలు చిట్లింది. అరగంటలో కారు పోలీసు స్టేషన్ ఆవరణలో ఉంది. నేను ఎంతో గర్వంగా ఖమ్మంలో తెచ్చుకున్న ఎండార్స్‌మెంట్ తీసి చూపించాను. అక్కడి అధికారి మర్యాదగానే చదివి పక్కన పెట్టి, "బీమా?" అని మళ్లీ అడిగాడు. బేలహియాలో తీసుకున్న నేపాలీ కాగితం చూపించాక అతని ముఖంలో బిగువు తగ్గింది. ఆ కంపెనీ మనిషి భైరహవా నుంచి వచ్చాడు, ఆసుపత్రి ఖర్చు మాట్లాడుకున్నారు, దీపాలు పెట్టే వేళకు బండి మాకు ఇచ్చేశారు. అదే లేకపోయి ఉంటే, ఎక్కడో తెలంగాణలో ఉన్న కంపెనీ ఎప్పుడో డబ్బు ఇస్తుందన్న మాట మీద ఆ కుర్రాడి తండ్రి ఎందుకు ఊరుకుంటాడు? మన పాలసీ నీ బండి కోసం, వాళ్ల పాలసీ వాళ్ల మనుషుల కోసం అని గుర్తుపెట్టుకో.

గేటు దగ్గర భన్సార్ కట్టాలి. అంటే కస్టమ్స్. ఎన్ని రోజులుంటే అన్ని రోజులకు లెక్క. ఒక రోజు ఎక్కువే కట్టు, ఎందుకంటే గడువు దాటిన బండికి జరిమానా పడుతుంది. ఆ రసీదు మీద తేదీ నేపాలీ అంకెల్లో, విక్రమ సంవత్సరంలో ఉంటుంది. మన 2025 కార్తీకం వాళ్లకు 2082. పైగా వాళ్లది సౌరమానం. వాళ్ల కార్తీకం అక్టోబరు మధ్యలోనే మొదలవుతుంది, మన కార్తీకంతో కలవదు. మేము మొదటిసారి ఈ లెక్క తెలియక తికమకపడ్డాం. కౌంటర్ దగ్గరే నిలబడి, గడువు మన తేదీల్లో ఏ రోజు అవుతుందో అడిగి రసీదు వెనక తెలుగులో రాసుకో. బీమా కాగితం మీద కూడా అలాగే రాయి. తిరిగొచ్చేటప్పుడు ఆ రసీదు గేటు దగ్గర అప్పగించాలి, పారేయకు.

ఆర్‌సీ, లైసెన్సు అసలువి తీసుకెళ్లు. ఫోన్‌లో డిజిలాకర్ చూపిస్తే మన పోలీసులు ఒప్పుకుంటారు, అక్కడ ఒప్పుకోవాలన్న నియమం లేదు. ఆర్‌సీ మీ నాన్న పేరు మీద ఉందని గుర్తు. ఆయన పక్కనే ఉంటారు కాబట్టి ఇబ్బంది లేదు, అయినా అనుమతి పత్రం ఒకటి రాయించుకో. మనుషులకు పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ సరిపోతుంది. సొంత వాడకానికి తీసుకున్న తెల్ల నంబరు ప్లేటు బండి కదా, దారిలో ఎవరినీ కిరాయికి ఎక్కించుకోకు. ఆ ఒక్క కారణంతో క్లెయిమ్ మొత్తం పోతుంది.

దేవుడి దయవల్ల ఏమీ జరగకూడదు. జరిగితే మాత్రం బండి కదపకముందే ఫొటోలు తీయి. ఎదుటి బండి నంబరు, రోడ్డు, దగ్గర్లో ఊరి పేరున్న బోర్డు పడేలా తీయి. గాయపడిన వాళ్లను ముందు ఆసుపత్రికి చేర్చు. నేపాలీలో రాసిన కాగితం మీద, అందులో ఏముందో ఎవరితోనైనా హిందీలో చదివించుకోకుండా సంతకం పెట్టకు. పోలీసు రిపోర్టు నకలు చేతికి వచ్చేదాకా ఆ ఊరు వదలకు. కంపెనీకి అదే రోజు కబురు చెయ్యి. ఎదుటివాడు డబ్బిచ్చి అక్కడికక్కడే సర్దుకుందామంటే మీ నాన్న మెత్తబడతాడు, నాకు తెలుసు. రిపోర్టు లేకపోతే తరువాత క్లెయిమ్ నిలబడదని ఆయనకు నచ్చచెప్పు.

ఆఖరుగా ముక్తినాథ్ గుడి ప్రయాణం. పోఖరాలో కారు పెట్టేసి అక్కడి జీపు మాట్లాడుకో. బేనీ దాటాక దారిలో వాగులు రోడ్డు మీదుగానే పారుతుంటాయి. వాగులో ఆగిపోయిన బండిని మళ్లీ స్టార్ట్ చేస్తే నీళ్లు ఇంజిన్‌లోకి పోతాయి. ఆ నష్టం మామూలు పాలసీలో రాదు, అది నీ పొరపాటుగానే రాస్తారు. పైగా అమ్మకు బీపీ ఉంది, గుడి సముద్ర మట్టానికి 3,700 మీటర్ల పైన. జీపు కుర్రాళ్లకు ఆ వాగుల లోతు తెలుసు. ప్రయాణ ఆరోగ్య బీమా అమ్మానాన్నలిద్దరికీ తీసుకో. కారు పాలసీ వాళ్ల ఆయాసానికి పనికిరాదు.

ఎండార్స్‌మెంట్ చేతికి రాగానే ఫొటో తీసి వాట్సాప్‌లో పంపు. తేదీలు, ఛాసిస్ నంబరు నేను కూడా ఒకసారి సరిచూస్తాను. వచ్చేటప్పుడు పెద్దమ్మకు చిన్న సాలగ్రామం తీసుకురా.

ఆశీస్సులతో,
పెదనాన్న