ఐ-140 అప్రూవ్ అయింది, ఇక గ్రీన్‌కార్డు ఎప్పుడొస్తుంది?

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఎంఎస్ చేసి, హెచ్-1బి మీద అక్కడే ఉద్యోగం చేస్తున్నాడు. కంపెనీ ఈబీ-2లో (పైచదువులు చదివినవాళ్ల కేటగిరీ) గ్రీన్‌కార్డుకు పెట్టింది. ఈ మధ్యే ఐ-140, అంటే కంపెనీ వేసిన గ్రీన్‌కార్డు పిటిషన్, అప్రూవ్ అయింది. ఇంకో ఏడాదిలో కార్డు చేతికొస్తుందని మా బంధువు అంటున్నారు. అది వచ్చాకే సంబంధాలు చూద్దామని ఆగాం. వాడికి 29 ఏళ్లు. ఆగవచ్చా?
- ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: దయచేసి ఆగకండి.

మీరు పంపిన నోటీసు ఫొటో పెద్దది చేసి చూశాను. పైన గళ్లలో ‘ప్రయారిటీ డేట్’ అని ఒకటుంది. అందులో 2024 మార్చి అని ఉంది. మీ అబ్బాయి తరఫున లేబర్ సర్టిఫికేషన్‌కు, అంటే ఆ ఉద్యోగానికి తగిన అమెరికన్లు దొరకలేదన్న ధ్రువీకరణకు, దరఖాస్తు పడిన రోజది. ఆ కాగితంలో మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఆ తేదీనే.

మీ బంధువు చెప్పిన ఏడాది చివరి దరఖాస్తు ఐ-485ను పరిశీలించడానికి పట్టే టైమ్ అయి ఉంటుంది. కానీ ఆ దరఖాస్తు వేయాలంటే ముందు మన వంతు రావాలి. తిరుమలలో దర్శనం క్షణాల్లో అయిపోతుంది, గంటలు గడిచేది కంపార్ట్‌మెంట్లలో కదా. ఇదీ అంతే.

అమెరికా ఉద్యోగాల కోటాలో ఏడాదికి ఇచ్చే గ్రీన్‌కార్డులు సుమారు 1,40,000. భార్యాపిల్లల కార్డులూ ఈ లెక్కలోవే. ఒక దేశంలో పుట్టినవాళ్లకు 7 శాతం మించకూడదని చట్టం. ఆ లెక్కన ఈబీ-2లో ఇండియా వాటా 2,800 చిల్లర, ఆపైన మిగతా దేశాలవాళ్లు వాడుకోకుండా మిగిలినవి. ఎవరి వంతు వచ్చిందో అమెరికా ప్రభుత్వం నెలనెలా ప్రకటించే వీసా బులెటిన్‌లో మన ఈబీ-2 తేదీ 2024 అక్టోబరులో 2012 జూలై 15 దగ్గరుంది. అంటే ప్రయారిటీ డేట్ అంతకు ముందున్నవాళ్లకే వంతు వచ్చింది. 2025 అక్టోబరుకు 2013 ఏప్రిల్ 1కి వచ్చింది. ఏడాదంతా కలిపి ఎనిమిదిన్నర నెలలు జరిగిందన్నమాట. వెనక్కి కూడా పోతుంది: 2022 సెప్టెంబరులో 2014 డిసెంబరు దాకా వచ్చిన తేదీ, మరుసటి నెలే 2012 ఏప్రిల్‌కు పడిపోయింది. 2024 మార్చి వంతు ఎప్పుడొస్తుందో ఎవరైనా కచ్చితంగా చెబితే నమ్మకండి. ఏళ్ల తరబడి పడుతుందని మాత్రం నేను గట్టిగా చెప్పగలను.

అయితే అబ్బాయి చేతిలో ఏమీ లేదనుకోవద్దు. ఐ-140 అప్రూవ్ అయింది కాబట్టి ఆరేళ్ల పరిమితి దాటాక కూడా హెచ్-1బిని మూడేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. పెళ్లయ్యాక కోడలు హెచ్-4 (హెచ్-1బి వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద వెళ్లి వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. 2015 నుంచి ఈ వీలుంది, దానికి కావాల్సింది కూడా ఈ అప్రూవలే. పెళ్లిచూపుల్లో ఈ మాట చెప్పండి. క్యూ సంగతీ దాచకండి. కార్డు వచ్చేస్తోందని చెప్పి పెళ్లి చేస్తే, తర్వాత ఆ టెన్షన్ అంతా పిల్లలిద్దరి మీదా పడుతుంది.

మీ జిల్లా కాబట్టి ఇంకో మాట. లెక్క పౌరసత్వాన్ని బట్టి కాదు, పుట్టిన దేశాన్ని బట్టి. గల్ఫ్‌లో పుట్టిన మన అమ్మాయిలు చాలామందే ఉన్నారు. భార్య కువైట్‌లో పుట్టి ఉంటే, భర్త కూడా ఆ దేశం కోటాలో నిలబడొచ్చు. ఆ క్యూ మనదానికంటే చాలా చిన్నది. ఇందుకోసమే సంబంధం వెతకమని కాదు, వచ్చిన సంబంధాల్లో అలాంటి అమ్మాయి ఉంటే తెలిసి ఉండాలని చెబుతున్నాను.

ఉద్యోగం మారాలనుకుంటే అప్రూవలై 180 రోజులు నిండేదాకా ఓపిక పట్టమనండి. ఆ తర్వాత పాత కంపెనీ ఐ-140 వెనక్కి తీసుకున్నా 2024 మార్చి తేదీ అబ్బాయిదే. కొత్త కంపెనీ లేబర్, ఐ-140 మళ్లీ మొదటి నుంచి చేయాలి, వరుసలో చోటు మాత్రం పోదు. ఉద్యోగం పోతే మాత్రం గరిష్ఠంగా 60 రోజుల గడువే. ఆలోపు కొత్త కంపెనీ హెచ్-1బి వేయాలి. అందుకే ఇల్లు కొనేముందు ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోమనండి.

ఐ-140 కాపీని కొన్ని కంపెనీలు ఉద్యోగికి ఇవ్వవు. మీవాడి దగ్గర ఉంది. స్కాన్ చేసి ఒక కాపీ మీ దగ్గర కూడా దాచండి.