షాపు మూసేస్తేనే సేవ అవుతుందా?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మా ఊరి సెంటర్లో నాకు టైలరింగ్ షాపు ఉంది. ఆదివారం మా చిన్న సంఘంలో వాక్యం చెబుతాను. "షాపు మూసేసి ఫుల్‌టైమ్ సేవకు రా, సగం సేవ సేవ కాదు" అంటున్నారు పెద్దలు. పిల్లల ఫీజులు తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది. నేను చేసేది పాపమా?
– ఒక సోదరుడు

జవాబు: సోదరా, పాపం కాదు. అచ్చం ఇదే ప్రశ్న, యేసు సువార్తను ఊరూరా చాటిన పౌలు గ్రీసులోని కొరింథు సంఘంవాళ్లను అడిగాడు. నన్ను నేను తగ్గించుకొని మీకు ఉచితంగా సువార్త చెప్పడం పాపమా అని వాళ్లకు రాసిన రెండో ఉత్తరంలో నిలదీశాడు. చేతిపని చేసేవాణ్ణి పెద్దింటివాళ్లు చిన్నచూపు చూసే కాలం అది.

క్రీ.శ. 50 ప్రాంతంలో ఆయన కొరింథుకు వచ్చి అకుల, ప్రిస్కిల్ల దంపతుల ఇంట్లో దిగాడు. యూదులు రోమా విడిచిపోవాలని క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞాపిస్తే వలస వచ్చినవాళ్లు వాళ్లు. ముగ్గురిదీ డేరాలు కుట్టే పనే. డేరా గుడ్డ మందం, దాంట్లో సూది దిగాలంటే వేళ్లు ఎంత కాయలు కాస్తాయో మీకు నేను చెప్పాలా? విశ్రాంతిదినాన యూదుల సమాజమందిరంలో వాక్యం, మిగతా రోజుల్లో కుట్టుపని. కొరింథు రెండు రేవుల నడుమ ఊరు. వచ్చేపోయే జనానికి లోటు లేదు. కుడుతూ కూడా ఆయన ఎందరితోనో మాట్లాడి ఉంటాడని నా నమ్మకం. ఆ దంపతులే తర్వాత ఎఫెసులో అపొల్లో అంతటి పండితుణ్ణి చేర్చుకొని దేవుని మార్గం విడమరిచి చెప్పారు. వాళ్లది సగం సేవ అని ఎవరనగలరు?

నాలుగో శతాబ్దంలో సైప్రస్‌లో స్పిరిడోను బిషప్పు అయ్యాక కూడా గొర్రెలు కాశాడు.

అయితే ఇంకో మాట కూడా చెప్పాలి. సువార్త ప్రకటించేవాళ్లు దానివల్లే బతకవచ్చని రాసింది కూడా పౌలే. ఫిలిప్పీ ఊరి సంఘంవాళ్లు పంపిన సాయం ఆయన సంతోషంగా పుచ్చుకున్నాడు. తోటి సేవకులు సీల, తిమోతి మాసిదోనియ నుంచి కొరింథుకు వచ్చాక పూర్తిగా వాక్యం మీదే ఉన్నాడు. కాబట్టి మీ పెద్దలకు ఫుల్‌టైమ్ సేవకుడే కావాలంటే, నెలనెలా మీ ఇల్లు ఎలా గడుస్తుందో ముందు వాళ్లు కూర్చుని తేల్చాలి. అది తేలకుండా షాపు మూయకండి.

క్రిస్మస్ ముందు ఆర్డర్లు మీద పడినప్పుడు మాత్రం ఒకటి రెండు ఆదివారాలు ఇంకొకరికి వాక్యం అప్పగించండి. బట్టలు ఒప్పుకున్న రోజుకు ఇచ్చేయండి.