బడిలో సంగీతం నేర్పితే మార్కులు పెరుగుతాయా?

సంగీతం నేర్పితే పిల్లలకు లెక్కలు బాగా వస్తాయన్నది నిజమేనా, కాకపోతే బడిలో ఆ పీరియడు ఎందుకని మీరు అడిగారు. లెక్కల సంగతి చివర చెబుతాను. లెక్కలకు ఊడిగం చేస్తే తప్ప సంగీతానికి బడిలో చోటు లేదన్నట్టు మాట్లాడటమే నాకు కష్టంగా ఉంటుంది.

ఎనిమిదో తరగతిలో నాకు గొంతు మారింది. ఆగస్టు 15 కోసం పాట సాధన చేయిస్తున్న మాస్టారు నన్నూ మరో ముగ్గురినీ వెనక వరుసకు పంపి, "మీరు పెదవులు కదిపితే చాలు" అన్నారు. ఊరి పెద్దల ముందు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చప్పుడు లేకుండా నోరు తెరిచి మూసిన ఆ అయిదు నిమిషాలూ ఇప్పటికీ గుర్తే.

మరుసటి ఏడాది వచ్చిన సంగీతం టీచరుగారు హార్మోనియం ముందు కూర్చుని, "నీకు హాయిగా పలికే చోట 'సా' అను" అని, నేనన్న స్వరాన్ని మెట్ల మీద వెతికి పట్టుకున్నారు. అది ఒకటి శ్రుతి; శ్రుతి అంటే 'సా'ను నిలిపే స్థాయి. పాట మాత్రం ఆడపిల్లలకు అనువుగా అంతకంటే పైనున్న అయిదు శ్రుతిలో సాగేది. ఒకటి శ్రుతి వారి పంచమమే ('పా') అయిదు శ్రుతి వారికి షడ్జం ('సా') కనుక, వాళ్ళు పాడుతున్నంతసేపూ మా నలుగురినీ ఆ పంచమం మీద తంబురాలా నిలిచి ఉండమన్నారు. ఏడాదిపాటు గొంతుదనుకున్న తప్పు శ్రుతిదని అప్పుడు తెలిసింది.

గాయకులను తయారుచేయడం బడి పనని నేను ఒప్పుకోను; అందుకు విజయనగరంలో 1919 నుంచి సంగీత కళాశాల ఉంది. పాడటం రాని పిల్లవాడు పక్కవాడిని వింటూ తన గొంతు సర్దుకోవడం, ఆది తాళంలో అక్షరాలనే ఎనిమిది కాలపు కొలతలనూ తొందరపడకుండా చేత్తో వేయడం బడిలో నేర్చుకోవాలి. మన బడుల్లో మాత్రం పోటీలో బహుమతి తెచ్చే ఇద్దరికే శిక్షణ, పరీక్షలు దగ్గరపడగానే ఆ పీరియడు కాస్తా లెక్కల మాస్టారికి ధారాదత్తం. కళావిద్య పదో తరగతి వరకు తప్పనిసరి కావాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పింది. మా అబ్బాయి టైంటేబుల్లో సంగీతం శనివారం ఆఖరి పీరియడు, అదీ సెలవు కాకపోతే.

ఇక మార్కులంటారా, తొమ్మిదో తరగతి అంతా వారానికి రెండు పీరియడ్లు శ్రద్ధగా సంగీతంలో తొలి పాఠాలైన సరళీ స్వరాలు పాడాను. లెక్కల్లో ఎప్పటిలాగే అత్తెసరు మార్కులే వచ్చాయి.