గంట చూడబోయే ముందు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. గుళ్లలోని పాత కంచు గంటలకు పట్టే చిలుము మీద ప్రాజెక్టు చేస్తున్నావని మీ నాన్న చెప్పాడు. సముద్రం పక్క ఊళ్లు ఎంచుకోవడం బాగుంది.

ఎక్స్‌ఆర్‌ఎఫ్ మిషన్ (లోహంలో ఏమేం ఎంతెంత ఉన్నాయో ఎక్స్‌రేలతో చూపించేది) బయటికి తీసే ముందు అర్చకుడి దగ్గర కాసేపు కూర్చో. గంటను ఎవరు తోముతారు, దేనితో, ఎన్నాళ్లకోసారి? ఇది అడగకే నేను మొదటి ఏడాది నవ్వులపాలయ్యాను. ఒక చేతిగంట పిడి సందుల్లో ఆకుపచ్చ కనపడగానే కంచుకు రోగం పట్టిందని రిపోర్టు రాసేశాను. "దీపాలకు నూనె పోసిన చేత్తోనే గంట పట్టుకుంటాం గదండీ" అన్నాడు పూజారి. నూనె రాగితో కలిస్తే పచ్చబడుతుంది, మనింట్లో దీపపు కుందులకు పట్టేదే. అది జిగటగా ఉంటుంది. భయపడాల్సింది పొడిపొడిగా రాలే లేతాకుపచ్చకి. తుడిచినా కొన్నాళ్లకు అదే గుంటలోంచి మళ్లీ వస్తుంది.

దాని మూలం ఉప్పు. ఉప్పులోని క్లోరైడు రాగిని పట్టుకుంటుంది. గాలీ తేమా తగిలితే ఆమ్లం పుట్టి లోపలి రాగిని తింటుంది, ఆ రాగి మళ్లీ క్లోరైడవుతుంది. గాలిలో తేమ 42 శాతం లోపుంటే ఇది దాదాపు ఆగుతుంది. మ్యూజియం అద్దాల పెట్టెలో సరే, కోస్తా గుళ్లో ఎవరికి చెప్తాం? పైగా ఉప్పు సముద్రపు గాలితోనే రాదు. చింతపండులో ఉప్పు వేసి తోమి, సరిగా కడక్కపోయినా చాలు. అందుకే ముందు అడగమంటున్నా.

గంటల కంచులో సుమారు 80 పాళ్లు రాగి, 20 పాళ్లు తగరం. నీ మిషన్ తగరం 40 చూపించిందనుకో, పోతపోసినవాడు ఎక్కువ కలిపాడని రాసేయకు. ఏళ్ల తరబడి రాగి పోయి, తగరం ఆక్సైడై పైపొరలో మిగిలిపోతుంది. మిషన్ చూసేది ఆ పైపొరనే. అసలు లోహం కావాలంటే గంట లోపల వేలాడే నాలుక తగిలి అరిగి మెరిసే చోట చూడు. ఇనుప నాలుకైతే అక్కడ వచ్చే ఇనుము అంకెను నమ్మకు. అంచు నుంచి ముక్క మాత్రం ఎవరినీ తీయనివ్వకు, నాదం పుట్టేది అక్కడే.

వానలకు ముందోసారి, తర్వాతోసారి అదే చోట, పక్కన స్కేలు పెట్టి ఫొటో తియ్యి. ఇటొస్తే నా భూతద్దం తీసుకెళ్లు. పిడి వదులైంది, జాగ్రత్త.

మీ పెదనాన్న